రెండేళ్ళ కొలబద్ద, నలభై ఏళ్ళ పరిశోధన: షిమోన్ సకాగుచి ప్రచురణలపై ఒక ప్రసంగం

అధ్యక్షులకు, అధ్యాపకులకు, పరిశోధక విద్యార్థులకు నమస్కారం.

నాకు ఈ రోజు ఇచ్చిన అంశం ఒక ఇమ్యునాలజిస్టు, అంటే రోగనిరోధక శాస్త్రవేత్త, పరిశోధన జీవితం, ఆయన ప్రచురణల ప్రభావం. ఇలాంటి అంశం మీద మాట్లాడేటప్పుడు ఎన్ని పేపర్లు రాశారు, ఎన్ని సైటేషన్లు, అంటే ఇతరుల పేపర్లలో ఎన్ని ఉదహరింపులు వచ్చాయి, ఏయే పురస్కారాలు అందుకున్నారు అని వరుసగా చెప్పుకుపోవడం ఆనవాయితీ. నేను అలా చెప్పను. ఒక్క పేపరును తీసుకుని, దానికి ముందు గడిచిన పద్దెనిమిదేళ్ళను, దాని తరువాత గడిచిన ముప్పై ఏళ్ళను మీ ముందు పెడతాను. ప్రచురణల ప్రభావాన్ని కొలవడానికి మనం నిత్యం వాడుతున్న లెక్కలు ఆ పేపరు విలువను ఏ సంవత్సరంలో పట్టుకోగలిగేవో మీరే చూడవచ్చు. రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరం మీద దాడి చేయకుండా ఆపే కణాలను గుర్తించిన ఆ పేపరు 1995లో జర్నల్ ఆఫ్ ఇమ్యునాలజీలో వచ్చింది. మొదటి రచయిత షిమోన్ సకాగుచి. ఆయన భార్య నొరికో సకాగుచి అందులో సహరచయిత్రి. 2025 అక్టోబరు 6న వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిని మేరీ బ్రంకోకు, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌కు, సకాగుచికి కలిపి ప్రకటించినప్పుడు, ఆ గుర్తింపుకు మూలంలో ఉన్న ప్రచురణలలో మొదటిది ఇదే.

కథ సకాగుచి కంటే ముందు మొదలవుతుంది. థైమస్ అనేది ఛాతీ ఎముక వెనుక, గుండెకు పైభాగాన ఉండే గ్రంథి. 1961లో జాక్ మిల్లర్ లండన్‌లో చేసిన ప్రయోగాలలో, అప్పుడే పుట్టిన చిట్టెలుకల నుంచి థైమస్‌ను తీసివేస్తే వాటి రోగనిరోధక శక్తి కుంటుపడుతుందని తేలింది. థైమస్‌లో తయారయ్యే కణాలనే తరువాత టి కణాలు అన్నారు. ఈ లెక్క ప్రకారం థైమస్ తీసేసిన జంతువులో రోగనిరోధక చర్య తగ్గాలి. కానీ 1969లో జపాన్‌కు చెందిన యాసువాకి నిషిజుకా, తెరుయో సకకురా ఇద్దరూ సైన్స్ పత్రికలో ఒక వింత ఫలితాన్ని ప్రచురించారు. పుట్టిన మూడో రోజున థైమస్ తీసివేసిన ఆడ చిట్టెలుకలలో కొద్ది వారాలకు అండాశయాలు పాడైపోయాయి. అదే పని ఏడో రోజున చేస్తే ఏమీ కాలేదు. థైమస్‌కూ హార్మోన్లకూ ఏదో సంబంధం ఉందేమోనని మొదట అనుకున్నారు. ఆ అండాశయాలను నాశనం చేస్తున్నది ఆ జంతువు సొంత టి కణాలేనని తరువాత తెలిసింది. ఉన్నది తీసేస్తే దాడి తగ్గవలసింది పోయి, దాడి సొంత శరీరం మీదికే మళ్ళింది.

ఆ మూడో రోజు శస్త్రచికిత్స ఎలా ఉంటుందో మీలో చాలామంది చూసి ఉండరు కనుక కొంచెం దగ్గరగా చూపిస్తాను. పిల్ల బరువు రెండు గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. ఒంటి మీద ఇంకా వెంట్రుకలు రాని గులాబి రంగు పిల్ల, చిటికెన వేలంత కూడా ఉండదు. మంచు మీద కొద్ది నిమిషాలు ఉంచితే చలికి కదలిక ఆగిపోతుంది. అదే దానికి మత్తు. మైక్రోస్కోపు కింద మెడ దిగువన సన్నని గాటు పెట్టి, ఛాతీ ఎముక పైభాగాన్ని కొద్దిగా విడదీస్తే, తెల్లగా మెరిసే రెండు తమ్మెలు కనిపిస్తాయి. సన్నని గాజు గొట్టాన్ని వాటి దగ్గరకు తెచ్చి, గాలి పీల్పుతో ఒక్కొక్క తమ్మెను లాగేస్తారు. గొట్టం ఒక్క వెంట్రుకవాసి అటు జరిగితే పెద్ద రక్తనాళం తెగి పిల్ల చనిపోతుంది. ఏ కొంచెం ముక్క మిగిలినా ప్రయోగం చెడిపోతుంది, కనుక చివరికి ఆ జంతువును కోసినప్పుడు థైమస్ మిగిలి ఉందా లేదా అని మళ్ళీ వెతకాలి. గాటు మూసి, పిల్లను వెచ్చబరచి, తల్లి దగ్గర ఉంచి, వారాలు, నెలలు వేచి చూడాలి. ఒక్కో ఫలితం వెనుక ఇంత పని ఉంది. ఈ వేగంతో నడిచే పరిశోధనలో సంవత్సరానికి ఎన్ని పేపర్లు వస్తాయో మీరే ఊహించవచ్చు.

సకాగుచి 1976లో క్యోటో విశ్వవిద్యాలయంలో వైద్యపట్టా తీసుకుని, అక్కడే పాథాలజీలో పరిశోధక విద్యార్థిగా చేరారు. నిషిజుకా ఫలితాన్ని చదివాక ఆ చదువును మధ్యలో వదిలి, నగోయాలోని ఐచి క్యాన్సర్ కేంద్రంలో నిషిజుకా దగ్గరకు వెళ్ళిపోయారు. ఉద్యోగ భద్రత దృష్టితో చూస్తే అది తెలివైన నిర్ణయం కాదు. ఆయనను పట్టుకున్న ప్రశ్న మాత్రం చాలా స్పష్టమైనది: మూడో రోజున థైమస్ తీయడం వల్ల దాడి చేసే కణాలు మిగిలిపోయి, వాటిని అదుపులో పెట్టే కణాలు రాకుండా పోతున్నాయా? అదే నిజమైతే, ఆరోగ్యంగా ఉన్న మరో చిట్టెలుక నుంచి టి కణాలు తెచ్చి ఎక్కిస్తే జబ్బు ఆగాలి. ఆగింది. ఈ ఫలితాలు 1982లో జర్నల్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంటల్ మెడిసిన్‌లో వచ్చాయి. 1985లో అదే పత్రికలో ఇంకో అడుగు వేశారు. శస్త్రచికిత్స ఏదీ జరగని మామూలు చిట్టెలుకల టి కణాలలో ఒక వర్గాన్ని తీసివేసి, మిగిలినవాటిని టి కణాలు లేని జంతువులలోకి ఎక్కిస్తే చాలు, స్వయంప్రతిరక్షక వ్యాధులు వచ్చాయి. అంటే మనలో ప్రతి ఒక్కరి రక్తంలోనూ సొంత అవయవాల మీద దాడి చేయగల కణాలు ఉన్నాయి, వాటిని పట్టి ఉంచే కణాలూ ఉన్నాయి.

ఇంత మంచి ఫలితం వచ్చాక ఆ రంగమంతా ఆయన వెంట నడవాలి కదా అని మీకనిపించవచ్చు. జరిగింది సరిగ్గా దానికి వ్యతిరేకం. కారణం తెలియాలంటే సప్రెసర్, అంటే అణచివేసే, టి కణాల చరిత్ర కొంత చెప్పాలి. 1970 ప్రాంతంలో యేల్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ గెర్షన్, కజునారి కొండో కలిసి టి కణాలు రోగనిరోధక చర్యను పెంచడమే కాదు, అణచగలవు కూడా అని చూపించారు. ఆ ఆలోచన చుట్టూ పదేళ్ళలో ఒక పెద్ద కట్టడం లేచింది. అణచే కణాలను పుట్టించే కణాలు, వాటి మధ్య సందేశాలు మోసే కరిగే పదార్థాలు, ఆ పదార్థాల మీద ఐ-జె అనే గుర్తు, ఇలా బొమ్మలు సంవత్సరానికొక బాణం గుర్తు కలుపుకుంటూ పెరిగాయి. ఆ పేపర్లు ప్రధాన జర్నళ్ళలో వచ్చేవి, ఒకదాన్నొకటి ఉదహరించుకునేవి. 1980ల మొదట్లో జన్యువులను నేరుగా చదవడం సాధ్యమయ్యాక, ఐ-జె గుర్తును తయారు చేసే జన్యువు ఉండవలసిన చోట వెతికి చూస్తే అక్కడ అలాంటి జన్యువే లేదని తేలింది. కట్టడం కూలింది. దానితో పాటు, టి కణాలలో అణచివేత అనే మాటకే పరువు పోయింది. ఆ మాట ఉన్న గ్రాంటు దరఖాస్తును, ఆ మాట ఉన్న పేపరును సమీక్షకులు అనుమానంతోనే తెరిచేవారు.

ఆ శిథిలాల మధ్యనే సకాగుచి తన పని సాగించారు. 1983లో అమెరికా వెళ్ళి జాన్స్ హాప్‌కిన్స్‌లో, స్టాన్‌ఫోర్డ్‌లో, స్క్రిప్స్ సంస్థలో పనిచేశారు. లూసిల్ మార్కీ ట్రస్టు యువ పరిశోధకులకు కొన్నేళ్ళ పాటు ఇచ్చే ఫెలోషిప్ ఆయనకు దక్కింది. ఏటేటా ఫలితం చూపించమని ఒత్తిడి పెట్టని అటువంటి సహాయం దొరకకపోతే ఈ పని మధ్యలోనే ఆగిపోయేదని నా అభిప్రాయం. 1990ల మొదట్లో జపాన్‌కు తిరిగి వచ్చి, 1995లో టోక్యోలోని వృద్ధాప్య పరిశోధన సంస్థలో ఒక విభాగానికి అధిపతి అయ్యారు. 1985 పేపరుకూ 1995 పేపరుకూ మధ్య ఉన్నవి పదేళ్ళు. ఆ పదేళ్ళూ ఆయన ముందున్న పని ఒక్కటే: అదుపు చేసే కణాలను మిగిలిన టి కణాల నుంచి వేరుగా పట్టుకోవడానికి కణం పైపొర మీద నమ్మదగిన గుర్తు ఏది? 1985లో వాడిన గుర్తు చాలా కణాల మీద కొంచెం ఎక్కువగానో, కొంచెం తక్కువగానో ఉండేది. దానితో గీత గీయడం కష్టం.

చివరకు దొరికిన గుర్తు సీడీ25. ఇంటర్‌ల్యూకిన్-2 అనే సంకేత పదార్థాన్ని అందుకునే గ్రాహకంలో అది ఒక భాగం. మామూలు చిట్టెలుకలో సీడీ4 రకం టి కణాలలో సుమారు నూటికి పది కణాల మీద అది కనిపిస్తుంది. ఆ కణాలను సీడీ25కు అంటుకునే యాంటీబాడీతోనూ, యాంటీబాడీ అంటుకున్న కణాలను ఛేదించే కాంప్లిమెంట్ అనే రక్త ప్రోటీన్లతోనూ నిర్మూలించి, మిగిలిన కణాలను థైమస్ లేకుండా పుట్టే న్యూడ్ చిట్టెలుకలలోకి ఎక్కించారు. వాటిలో జీర్ణాశయం, థైరాయిడ్, అండాశయాలు వంటి అవయవాల మీద దాడి మొదలైంది. అదే రకం చిట్టెలుకలకు, తీసివేసిన సీడీ25 కణాలను కూడా తగిన సమయంలో తిరిగి ఇస్తే జబ్బు రాలేదు. మీరు గమనించవలసినది ఈ రెండో సగాన్ని. తీసివేస్తే జబ్బు వచ్చింది అని మాత్రమే చూపి ఉంటే, శుద్ధి చేయడంలో కణాలు దెబ్బతిన్నాయనో, మిగిలినవి మితిమీరి పెరిగాయనో వాదించవచ్చు. తిరిగి ఇస్తే ఆగిందని కూడా అదే పేపరులో చూపించాక ఆ వాదనలకు చోటు తగ్గిపోతుంది. తాళం తీసినవాడు అదే తాళం చెవితో మళ్ళీ వేసి చూపించినట్టు.

ఆ పేపరు శీర్షిక కూడా మనం మాట్లాడుతున్న విషయానికి సంబంధించినదే. అందులో అణచివేత అనే మాట లేదు, నియంత్రణ అనే మాటా లేదు. సీడీ25 గ్రాహకం ఉన్న, ప్రేరేపిత స్థితిలోని టి కణాలు శరీరపు స్వీయ సహనాన్ని, అంటే తన మీద తాను దాడి చేసుకోని గుణాన్ని, కాపాడుతున్నాయని మాత్రమే ఆ శీర్షిక చెబుతుంది. మామూలు టి కణం కూడా శత్రువును చూసి ఉత్తేజితమైనప్పుడు పైపొర మీదికి సీడీ25ను తెస్తుంది. కనుక దాడికి సిద్ధమైన కణం గుర్తు, దాడిని ఆపే కణం గుర్తు ఒకటే అయ్యాయి. ఆనాటి పాఠకులకు ఇది పెద్ద అడ్డంకి. ఇంకొక మాట, జర్నల్ ఆఫ్ ఇమ్యునాలజీ ఆ రంగం వాళ్ళ సంఘం నడిపే పత్రిక. గట్టిగా సమీక్షించే గౌరవనీయమైన పత్రికే అయినా, ఉద్యోగ దరఖాస్తులో కనిపించగానే ఎంపిక సంఘం తలెత్తి చూసే రెండు మూడు పత్రికల కోవలోనిది కాదు.

ఇప్పుడు కొలబద్ద దగ్గరికి వద్దాం. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లెక్క మీ అందరికీ తెలుసు, అయినా ఒకసారి గుర్తు చేస్తాను. ఒక జర్నల్ గడిచిన రెండు సంవత్సరాలలో ప్రచురించిన వ్యాసాలకు ఈ సంవత్సరంలో వచ్చిన సైటేషన్లను, ఆ రెండేళ్ళ వ్యాసాల సంఖ్యతో భాగిస్తారు. యూజీన్ గార్ఫీల్డ్, ఇర్వింగ్ షేర్ కలిసి 1960ల మొదట్లో దీన్ని తయారు చేసుకున్నది సైటేషన్ సూచికలో ఏయే జర్నళ్ళను చేర్చాలో నిర్ణయించుకోవడానికి. తరువాత గ్రంథాలయాలకు చందాల విషయంలో అది పనికివచ్చింది. మనుషులను కొలవడానికి చేసిన సాధనం కాదది. ఈ లెక్కలో 1995 నాటి పేపరు 1996లోనూ, 1997లోనూ మాత్రమే పరిగణనలోకి వస్తుంది. 1998 జనవరి ఒకటి నాటికి ఆ లెక్క దృష్టిలో ఆ పేపరు పని ముగిసిపోయింది.

మరి ప్రపంచం ఆ పేపరును నమ్మడం ఎప్పుడు మొదలైంది? 1996లో సకాగుచి బృందమే నిషిజుకా చిక్కుముడిని విప్పింది. చిట్టెలుకలో సీడీ25 ఉన్న కణాలు థైమస్ నుంచి బయటికి రావడం పుట్టిన మూడో రోజు తరువాతనే మొదలవుతుంది. మూడో రోజున థైమస్ తీస్తే దాడి చేసేవి ముందే బయటపడి ఉంటాయి, కాపలా కాసేవి లోపలే పోతాయి. ఏడో రోజుకు రెండూ బయట ఉంటాయి. పాతికేళ్ళకు పైగా నలిగిన ప్రశ్నకు ఇంత సరళమైన జవాబు. ఆ తరువాత 1998లో ఈ కణాలు గాజు పాత్రలో కూడా ఇతర టి కణాల పెరుగుదలను ఆపగలవని సకాగుచి బృందమూ, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో ఈథన్ షెవాక్, ఏంజెలా థార్న్‌టన్ కలిసీ వేర్వేరుగా ప్రచురించారు. షెవాక్ అంతకు ముందు అణచివేత కణాల కథలను గట్టిగా శంకించిన వ్యక్తి. ఆయన ఆ పేపరును చదివి, తన ప్రయోగశాలలో స్వయంగా చేసి చూసి, ఆ తరువాతే అభిప్రాయం మార్చుకున్నారు. రంగం మలుపు తిరగడంలో ఆయన పాత్ర పెద్దది. అయితే ఆ మలుపు వచ్చింది 1998లో, అంటే రెండేళ్ళ కిటికీ మూసుకున్న మరుసటి సంవత్సరం. నేను ఇక్కడ లెక్కల్లో లోపం వెతకడం లేదు. మూడో రోజు శస్త్రచికిత్స చేసి, వారాలు వేచి, కణాలు వేరు చేసి, ఎక్కించి, మళ్ళీ నెలలు వేచి, సమీక్షకుల ప్రశ్నలకు జవాబిచ్చి ప్రచురించడానికి పట్టే కాలం రెండేళ్ళలో పట్టదు. ఈ రంగంలో నిజాన్ని సరిచూడడానికి పట్టే సమయం ఆ కిటికీ కంటే పొడవైనది.

ఈ కథలో ఇంకో పాయ ఉంది, అది పూర్తిగా వేరే దిక్కు నుంచి వచ్చింది. అమెరికాలో ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో 1940లలో కొన్ని మగ చిట్టెలుకలు చర్మం పొలుసులుగా రాలుతూ, ప్లీహం, లింఫు గ్రంథులు ఉబ్బి, కొద్ది వారాలకే చనిపోతూ కనిపించాయి. వాటిని స్కర్ఫీ అన్నారు. లోపం ఎక్స్ క్రోమోజోము మీద ఉందని తెలుసు, ఏ జన్యువులోనో తెలియదు. 1990లలో వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒక బయోటెక్ సంస్థలో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ దాన్ని వెతకడానికి పూనుకున్నారు. మొత్తం క్రోమోజోములో వెతకవలసిన భాగాన్ని సుమారు 5 లక్షల అక్షరాలకు తగ్గించారు. అందులో 20 జన్యువులు ఉన్నాయి. ఒక్కొక్కదాన్నీ ఆరోగ్యవంతమైన చిట్టెలుక జన్యువుతో అక్షరం అక్షరం పోల్చుకుంటూ పోతే, తేడా దొరికింది ఇరవయ్యో జన్యువులో, అంటే చిట్టచివరిదానిలో. రెండే రెండు అక్షరాలు అదనంగా చేరాయి. దానితో ఆ తరువాతి వాక్యమంతా అర్థం లేకుండా పోయింది. ఆ జన్యువే ఫాక్స్‌పీ3. 2001లో అది నేచర్ జెనెటిక్స్‌లో వచ్చింది. ఐపెక్స్ అనే అరుదైన వ్యాధితో పుట్టే మగపిల్లలలోనూ ఇదే జన్యువు దెబ్బతిని ఉంటుందని అదే సంవత్సరంలో తెలిసింది. ఆ పిల్లలకు నెలల వయసులోనే మధుమేహం, ఆగని విరేచనాలు, చర్మమంతా తామర వస్తాయి. చికిత్స అందకపోతే చాలామంది బాల్యంలోనే చనిపోతారు.

2003లో రెండు పాయలు కలిశాయి. సకాగుచి బృందం సైన్స్ పత్రికలోనూ, అలెగ్జాండర్ రుడెన్‌స్కీ బృందమూ, రామ్స్‌డెల్ పనిచేసిన బృందమూ నేచర్ ఇమ్యునాలజీలోనూ ఒకే సంవత్సరంలో చెప్పిన విషయం ఇది: 1995లో సీడీ25తో గుర్తించిన కణాలను ఆ కణాలుగా తీర్చిదిద్దేది ఫాక్స్‌పీ3 జన్యువే. ఆ జన్యువును మామూలు టి కణాలలో ప్రవేశపెడితే అవి కూడా అదుపు చేసే కణాల్లాగే ప్రవర్తించాయి. అప్పటికి గాని ఇమ్యునాలజీలో అనుమానం పూర్తిగా తొలగలేదు. ఆ తరువాత రెగ్యులేటరీ టి కణాలన్న పేరుతో పిలిచే ఈ అదుపు చేసే కణాల మీద వచ్చిన పేపర్లను ఎవరూ చదివి ముగించలేరు. క్యాన్సర్, అవయవ మార్పిడి, గర్భధారణ, అలర్జీ, పేగుల్లోని సూక్ష్మజీవులు, ఏ వైపు చూసినా ఈ కణాలే. 1995 పేపరు సైటేషన్లు వేలకు చేరాయి. 2015లో గెయిర్డ్‌నర్ పురస్కారం, 2017లో రామ్స్‌డెల్, రుడెన్‌స్కీలతో కలిపి క్రాఫోర్డ్ బహుమతి, ఆ తరువాత మనకు తెలిసిన నోబెల్.

కాబట్టి సైటేషన్లు చివరికి నిజాన్ని పట్టుకున్నాయి కదా అని మీలో కొందరు అడగవచ్చు. పట్టుకున్నాయి, నేను కాదనను. కానీ అవి పట్టుకున్న నాటికి ఆ సమాచారం ఎవరికీ అవసరం లేదు. 2005 నాటికి సకాగుచికి ఉద్యోగం ఇవ్వాలా, గ్రాంటు ఇవ్వాలా అన్న ప్రశ్న ఏ సంఘం ముందూ లేదు. ఆ ప్రశ్న ఉన్నది 1986లో, 1991లో, 1996లో. అలాగే హెచ్-ఇండెక్స్ సంగతి చూడండి. భౌతిక శాస్త్రవేత్త హోర్హె హిర్ష్ 2005లో దాన్ని ప్రతిపాదించారు. ఒక వ్యక్తి పేపర్లలో కనీసం నలభైకి నలభై చొప్పున సైటేషన్లు వచ్చి ఉంటే ఆయన సూచిక నలభై. ఆ లెక్కలో వేల సైటేషన్ల 1995 పేపరు విలువ ఒకటి. ఓ మోస్తరుగా ఉదహరించబడిన ఇంకో పేపరు విలువా ఒకటే. జీవితమంతా సమంగా పంట పండించిన వారిని ఆ సూచిక బాగానే చూస్తుంది. ఒక్క ప్రశ్న కోసం పదేళ్ళు తవ్విన వారిని చూడలేదు. బ్రంకో విషయం ఇంకా స్పష్టం. విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి, వందల పేపర్ల జాబితా, పెద్ద ప్రయోగశాల, ఇవేవీ లేకుండా పరిశ్రమలో పనిచేసిన శాస్త్రవేత్త ఆమె. సూచికల వరుసలో పేర్లు పేర్చుకుంటూ పోతే ఆమె పేరు దగ్గర ఎవరూ ఆగరు.

సైటేషన్ లెక్కలు మరో రకంగా కూడా దారి తప్పుతాయి. 1956లో బ్రూస్ గ్లిక్, తిమోతీ చాంగ్ కలిసి, కోళ్ళలో పేగు చివర ఉండే బర్సా అనే చిన్న సంచిని తీసివేస్తే ఆ కోళ్ళు యాంటీబాడీలు తయారు చేయలేవని పౌల్ట్రీ సైన్స్ అనే పత్రికలో రాశారు. కోళ్ళ పెంపకం వాళ్ళు చదివే పత్రిక అది, ఇమ్యునాలజిస్టులు తెరిచేది కాదు. 1965లో మాక్స్ కూపర్, రేమండ్ పీటర్సన్, రాబర్ట్ గుడ్ దాని ఆధారంగా రెండు రకాల లింఫోసైట్లు, అంటే రోగనిరోధక తెల్ల రక్తకణాలు, ఉన్నాయని చూపించారు. ఈ రోజు మీరందరూ రోజుకు పదిసార్లు అనే 'బి కణం' మాటలోని బి ఆ బర్సాదే. బి కణాల మీద పేపరు రాస్తూ గ్లిక్‌ను ఉదహరించేవారు ఎంతమంది? ఆ ఆవిష్కరణ మన మాటల్లోనే కలిసిపోయింది కాబట్టి ఎవరూ ఉదహరించరు. సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ ఈ పరిణామాన్ని గుర్తించి, అందరిలో కలిసిపోవడం వల్ల మూలం చెరిగిపోవడం అన్న అర్థంలో దానికి పేరు పెట్టారు. ప్రభావం అన్నిటికంటే ఎక్కువైన చోట సైటేషన్లు తగ్గుతాయి. రెగ్యులేటరీ టి కణాలకూ ఇది జరగడం మొదలైంది. కొత్త పేపర్లు సమీక్షా వ్యాసాన్ని ఉదహరించి సరిపెట్టుకుంటున్నాయి.

ఒక అనుభవం చెప్పనివ్వండి. కొన్నేళ్ళ క్రితం నేనొక ఎంపిక సంఘంలో కూర్చున్నాను. సంస్థ పేరు అవసరం లేదు. బల్ల మీద ఒక పెద్ద కాగితం. అడ్డంగా అభ్యర్థుల పేర్లు, నిలువుగా ఒక్కో పేపరుకూ ఆ జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్. అప్పట్లో ఆ అంకెలను దశాంశ బిందువు తరువాత మూడు స్థానాల దాకా ఇచ్చేవారు. అడుగున ఆ అంకెలన్నీ కూడి మొత్తం వేశారు. ఇద్దరు అభ్యర్థుల మధ్య తేడా ఒకటి కంటే తక్కువ. ఆ తేడాతో నిర్ణయం జరిగింది. వెనుకబడిన అభ్యర్థి పేపర్లు రెండూ నా సంచిలో ఉన్నాయి. ఒకదానిలో, తీసివేస్తే వచ్చిన లోపాన్ని తిరిగి ఇచ్చి సరిచేసిన ప్రయోగం ఉంది. దాన్ని చదివి వినిపించడానికి నాకు అయిదు నిమిషాలు చాలేవి. అంకెల మొత్తం పక్కన ఆ మాట చిన్నదిగా కనిపిస్తుందని నేను నోరు విప్పలేదు. అది నా తప్పు, ఈ రోజుకీ నన్ను బాధిస్తుంది. 2012 డిసెంబరులో శాన్ ఫ్రాన్సిస్కోలో కణ జీవశాస్త్రజ్ఞుల సమావేశంలో రూపుదిద్దుకున్న ప్రకటనను మనం డోరా అంటాం. నియామకాలలో, పదోన్నతులలో, నిధుల కేటాయింపులో జర్నల్ అంకెను వ్యక్తి పనికి బదులుగా వాడవద్దని అది సూటిగా చెబుతుంది. సంతకం చేసిన సంస్థలు ప్రపంచమంతటా ఉన్నాయి. సంతకానికీ, బల్ల మీది కాగితానికీ మధ్య దూరం తగ్గించవలసింది ఆ బల్ల చుట్టూ కూర్చున్నవారే.

చదవడం అంటే ఏమిటో కూడా నేను స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే చదివి నిర్ణయించండి అనడం తేలిక. ఐ-జె కాలపు పేపర్లనూ, 1985, 1995 పేపర్లనూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే తేడా తెలుస్తుంది. మొదటివాటిలో కణాలు పరోక్షంగా కనిపిస్తాయి. ఒక ద్రవం కలిపితే ఒక చర్య తగ్గింది, కాబట్టి అందులో ఫలానా పదార్థం ఉండాలి, కాబట్టి దాన్ని తయారు చేసిన కణం ఉండాలి అని మెట్టు మీద మెట్టు. రెండోవాటిలో ఒక జంతువు, ఒక కణ వర్గం, ఒక అవయవం. తీశారు, జబ్బు వచ్చింది, తిరిగి ఇచ్చారు, ఆగింది. అవయవాన్ని కోసి మైక్రోస్కోపులో చూశారు. జవాబు అవుననో కాదనో ఉంటుంది. ఈ తేడా 1995లోనే ఆ కాగితాల మీద ఉంది. షెవాక్ చూసింది దాన్నే. మరోవైపు, ఒక దశాబ్దం పాటు సైటేషన్లు గుట్టలుగా పోగైంది కూలిపోయిన కట్టడం వైపు అన్నది కూడా మరిచిపోకూడదు.

ఇక మిగిలినవి ఇంకా తేలని విషయాలు. మనిషి రక్తంలో సీడీ25 గీత చిట్టెలుకలో ఉన్నంత స్పష్టంగా ఉండదు. 2006లో సీడీ127 అనే మరో గుర్తు తక్కువగా ఉండడాన్ని కూడా కలిపి చూడవచ్చని తెలిశాక ఆ కణాలను వేరు చేయడం కొంత మెరుగుపడింది. ఇంటర్‌ల్యూకిన్-2ను అతి తక్కువ మోతాదులో ఇస్తే ఈ కణాలు పెరుగుతాయని 2011లో ఒకే పత్రికలో రెండు చికిత్సా ఫలితాలు వచ్చాయి. ఒకటి ఎముక మజ్జ మార్పిడి తరువాత వచ్చే సమస్యలో, ఇంకొకటి హెపటైటిస్-సి వల్ల రక్తనాళాలు వాచే జబ్బులో. రోగి నుంచి ఈ కణాలను తీసి, బయట పెంచి, కావలసిన అవయవం వైపు మళ్ళించి తిరిగి ఇచ్చే ప్రయత్నాలు ఇప్పుడు పరీక్షల దశలో ఉన్నాయి. శరీరంలోకి వెళ్ళాక అవి ఎంత కాలం నిలుస్తాయి, వాపు ఉన్నచోట తమ స్వభావాన్ని నిలుపుకుంటాయా, క్యాన్సర్‌లో వాటిని గడ్డలో మాత్రమే తగ్గించి మిగతా శరీరంలో ఉంచడం ఎలా అన్నవి ఈ రంగంలో పనిచేస్తున్న మీ తరం ముందున్న ప్రశ్నలు.

1985, 1995 పేపర్ల ప్రతులను నేను వెంట తెచ్చాను. పత్రిక పేరు, సంవత్సరం కనబడకుండా మొదటి పేజీ పైభాగాన్ని కాగితంతో కప్పి, వెనుక బల్ల మీద పెట్టాను. విరామంలో పద్ధతుల భాగం, ఫలితాల భాగం చదవండి. పోలిక కోసం చేసే ఏ కంట్రోల్ ప్రయోగం ఇంకా కావాలనిపిస్తుందో అంచున పెన్సిలుతో రాయండి. విరామం తరువాత వాటి మీద మాట్లాడుకుందాం.